మూడు లెక్కపెట్టేలోపు

నెట్‌బాల్ అంటే మా ఊర్లో ఇప్పటికీ చాలామంది బాస్కెట్‌బాల్ అనుకుంటారు. 2006 జూన్‌లో మా పీఈటీ మేడం మొదటిసారి ఆ పేరు చెప్పినప్పుడు నేనూ అదే అనుకున్నాను. నల్గొండ నుంచి మునుగోడు పోయే దారిలో మా ఊరు. జెడ్పీ హైస్కూల్లో ఎనిమిదో తరగతి. మేడం ఆ ఏడే బదిలీ మీద వచ్చారు. పాలమూరు మనిషి. మెడలో విజిల్, చేతిలో ఎప్పుడూ ఒక నోటుబుక్కు, ఎండకు నల్లబడ్డ మొహం. వచ్చిన వారానికే గ్రౌండ్‌లో తుమ్మ మొలకలన్నీ పీకించి, "ఈడ కోర్టు గీస్తం" అన్నారు.

ఆ కోర్టు గీసిన రోజు ఇప్పటికీ కళ్ల ముందే ఉంది. 30.5 మీటర్ల పొడవు, 15.25 మీటర్ల వెడల్పు. అంత పెద్ద టేపు స్కూల్లో లేదు. టైలర్ దగ్గర అడిగి తెచ్చిన టేపుతో బావి చేంతాడును కొలిచి, మీటరుకో ముడి వేసి, ఆ తాడునే టేపు చేసుకున్నాం. పొడవును మూడు సమాన భాగాలు చేయాలి. రెండు చివర్లా గోల్ పోస్టు చుట్టూ 4.9 మీటర్ల అర్ధచంద్రం గీయాలి. పోస్టు ఉండే చోట మేకు దిగ్గొట్టి తాడు కట్టారు. రెండో కొస పట్టుకుని ఒక పిల్ల ఒంగి నడుస్తుంటే, దాని వెనకాలే నేను బొక్కలు పెట్టిన పౌడర్ డబ్బాతో సున్నం చల్లుకుంటూ పోయాను. రోజూ వాకిట్లో ముగ్గేసే చెయ్యే కదా, గీత ఎక్కడా వంకర పోలేదు. మేడం దూరం నుంచి చూసి, "మంచిగొచ్చింది" అన్నారు. ఆమె నాతో అన్న మొదటి మాట అదే.

పోస్టుల కోసం నల్గొండలో ఒక వెల్డింగ్ షాపుకు పోయాం. నన్నూ ఇంకో పిల్లనూ మేడం వెంటబెట్టుకుపోయారు. నేల నుంచి రింగుకు 3.05 మీటర్ల ఎత్తు, రింగు లోపలి వెడల్పు 38 సెంటీమీటర్లు. వెల్డింగ్ ఆయన అంతా చాక్‌పీసుతో గోడ మీద రాసుకుని, "మేడం, ఎనక బోర్డు ఏ సైజుల జెయ్యాలె?" అన్నాడు.

"బోర్డు ఉండదన్నా."

"బోర్డు లేకుంటే బంతి దేనికి తగిలి లోపల వడ్తది?"

"దేనికీ తగలది. పైకి పోయి సక్కగ రింగులనే పడాలె."

ఆయన నమ్మలేదు. "మళ్ల ఎన్కకొచ్చి బోర్డు వెట్టుమంటే పైసలు వేరే అయితయ్" అని ముందే చెప్పి పెట్టాడు. బాస్కెట్‌బాల్‌కూ నెట్‌బాల్‌కూ ఉన్న తేడా నాకు అర్థమైంది ఆ షాపులోనే. తర్వాత వేపచెట్టు కింద కూర్చోబెట్టి మేడం మిగతాదీ చెప్పారు. 1890లలో ఇంగ్లండ్‌లో ఒక ఆడపిల్లల వ్యాయామ కాలేజీలో బాస్కెట్‌బాల్‌ను మార్చుకుంటూ మార్చుకుంటూ పోతే ఈ ఆట తయారైందనీ, 1901లో దీని రూల్స్ అచ్చు వేశారనీ, ఆడపిల్లల కోసం పుట్టి పెరిగిన ఆట ఇదనీ. మాకు అప్పటిదాకా తెలిసిన ఆటలన్నీ మగపిల్లలు ఆడి వదిలేసిన గ్రౌండ్‌లో మిగిలిన టైంలో ఆడుకునేవే. మన కోసమే ఒక ఆట ఉందంటే వినడానికే ఎంతో బాగుంది.

టీముకు ఏడుగురు. ఛాతీ మీద, వీపు మీద అక్షరాలున్న బిబ్బులు వేసుకోవాలి. ఏ అక్షరం వాళ్లు ఆ హద్దులోనే తిరగాలి. సెంటర్ ఒక్కతే కోర్టంతా ఉరకొచ్చు, ఆ అర్ధచంద్రాల లోపలికి తప్ప. గోల్ వేసే హక్కు ఇద్దరికే ఉంటుంది: గోల్ షూటర్, గోల్ అటాక్. బంతి చేతికొస్తే మూడు సెకన్లలోపు వదలాలి. బంతిని నేలకు కొట్టుకుంటూ ఉరకడం లేదు. బంతి పట్టుకుని ముందు ఆనించిన కాలును లేపి మళ్లీ నేల మీద పెట్టారంటే విజిలే. షూటర్‌కు అడ్డం నిలబడేవాళ్లు ఆమె కాలి నుంచి మూడడుగులు వదిలి చేతులెత్తాలి. ఒక్క అంగుళం ముందుకొచ్చినా తప్పే.

నేను పొడుగు. అందుకని గోల్ కీపర్, జీకే. మా అమ్మ జాకెట్టు లైనింగ్ గుడ్డ మిగిలిన ముక్కలతో ఏడు బిబ్బులు కుట్టింది. అక్షరాలు ఎర్రగుడ్డతో కత్తిరించి అతికించింది. నా బిబ్బు తాడుకు ఆరేస్తే పక్కింటి తాత చూసి, "జీకే అంటే జనరల్ నాలెడ్జ్ గదా, మంచిగ చదువుతున్నవా బిడ్డా" అని అడిగాడు. అవునని తలూపాను. నోరు తెరిచి చెప్పలేదు.

నా పళ్ల సంగతి చెప్పకుండా ఇది ముందుకు పోదు. మా తట్టు బోరు నీళ్లలో ఫ్లోరైడ్. తాగే నీళ్లలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటొద్దంటారు. మా వైపు అంతకు రెట్టింపు, మూడింతలున్న బోర్లు కూడా ఉండేవి. పళ్లు వచ్చే వయసులో ఆ నీళ్లు తాగితే పంటి మీద ముందు సున్నపు మరకలొస్తాయి, తర్వాత అవే గోధుమ రంగు చారలవుతాయి. మా వీధిలోనే నడుము వంగిపోయిన పెద్దవాళ్లు, కాళ్లు వంకర పోయినవాళ్లు ఉన్నారు. వాళ్ల కష్టం ముందు నాది కష్టమే కాదు. కానీ ఏడో తరగతిలో ఉన్నప్పుడు నల్గొండలో ఒక పెళ్లిలో, చుట్టాల చిన్నపిల్ల నన్ను చూసి, "అక్కా, నువ్వు బ్రష్ చెయ్యవా?" అని అడిగింది. దానికి తెలియక అడిగింది. ఆ రోజు నుంచి నేను నవ్వితే నోటికి చున్నీ అడ్డం. క్లాసులో జవాబు తెలిసినా చెయ్యెత్తేదాన్ని కాదు. ఇంట్లో కూడా తలకాయతోనే సగం మాటలు.

గోల్ కీపర్‌కు కోర్టులో చివరి మూడో వంతే రాజ్యం. మిగతా రెండు వంతుల్లో ఏం జరిగినా చూస్తూ నిలబడాల్సిందే. నాకు అది బాగా నచ్చింది. ఎవరితో మాట్లాడే పని లేదనుకున్నాను. మూడో రోజో నాలుగో రోజో ప్రాక్టీస్‌లో అవతలి గోల్ అటాక్ మా గోల్ డిఫెన్స్ వీపు వెనక నుంచి జారుకుంటూ లోపలికి వచ్చింది. నాకు కనిపించింది. మా గోల్ డిఫెన్స్‌కు కనిపించలేదు. గోల్ పడింది. మళ్లీ అట్లనే వచ్చింది, మళ్లీ పడింది. మూడోసారి మేడం విజిల్ వేసి ఆట ఆపి నా దగ్గరికి వచ్చారు.

"ఆ పిల్ల ఎనకంగ వచ్చుడు నువ్వు జూసినవా?"

తలూపాను.

"జూసి ఎందుకు జెప్పలే?"

నేను నేల చూస్తున్నాను.

"ఎనక నిలవడ్డోళ్లకే అన్ని కనవడ్తయ్ బిడ్డా. ముందటోళ్లకు వాళ్ల ఈపెన్క ఏముందో తెల్వది. నువ్వు జెప్పకుంటే ఆ ఆరుగురు కండ్లు మూసుకోని ఆడినట్టే. నోరు తెరువ్."

ఆమెకు నా పళ్లు కనిపించలేదని కాదు. ఆమె పనిచేసిన మూడేళ్లలో వాటి గురించి ఒక్కసారి కూడా మాట్లాడలేదు. నోరు తెరవమని మాత్రం రోజుకు యాభైసార్లు అనేవారు. మొదట గొంతు పెగల్లేదు. "ఎడమ" అన్నాను, నాకే వినిపించలేదు. "మునుగోడు దాకా ఇనవడాలె" అన్నారు మేడం. వారం పట్టింది. ఆ తర్వాత "ఎడమ... ఎనక... చేతులెత్తు... జరుగు" అంటూ నా నోరు మూత పడలేదు. అవతలి పిల్ల చేతిలో బంతి ఉంటే "ఒకటి, రెండు" అని గట్టిగా లెక్కపెట్టేదాన్ని. మూడు అనేలోపు వదలాలి కదా, ఆ లెక్క చెవినబడితే చెయ్యి తొట్రుపడేది. మా లైన్‌లో నిలబడ్డ పిల్లలు కూడా నాతోపాటు లెక్కపెట్టేవాళ్లు. ఆ ఏడు జిల్లా సెలక్షన్స్‌కు ఎన్జీ కాలేజీ గ్రౌండ్‌కు పోయినప్పుడు మా స్కూలును అక్కడివాళ్లు గుర్తుపట్టింది ఆ అరుపులతోనే. రెండో మ్యాచ్‌లో ఓడిపోయాం. వచ్చేటప్పుడు బస్సులో నేను మాట్లాడుతూనే ఉన్నాను, మునుగోడు బస్సు కిటికీలోంచి చలిగాలి పంటికి తగులుతుంటే కూడా చున్నీ అడ్డం పెట్టుకోలేదని ఇంటికొచ్చాక గుర్తొచ్చింది.

మా చిన్నమ్మ కొడుకు, మా అన్న, 2006లోనే చదువు కోసం సిడ్నీకి పోయాడు. 2007 డిసెంబర్‌లో అక్క పెళ్లికి వచ్చాడు. నేను నెట్‌బాల్ ఆడుతున్నానని చిన్నమ్మ ఫోన్‌లో చెప్పిందట. "అక్కడ శనివారం పొద్దున గ్రౌండ్ల నిండ ఆడపిల్లలే, అందరి మీద ఈ అక్షరాలే" అన్నాడు. పెళ్లి చీరల మధ్య గాలి తీసి మడతపెట్టిన నిజం నెట్‌బాల్ ఒకటి తెచ్చాడు. గిల్బర్ట్ కంపెనీది. పంపు తెచ్చాడు గానీ సూది మర్చిపోయాడు. ఊర్లో సైకిల్ షాపు వాళ్ల దగ్గర లేదు. చివరికి నల్గొండ నుంచి ఫుట్‌బాల్‌కు గాలి కొట్టే సూది తెప్పించి, సైకిల్ షాపులోనే గాలి కొట్టాం. బంతి కొద్దికొద్దిగా లేస్తుంటే ముడతలు విప్పుకుని, దాని మీది అక్షరాలు గుండ్రమవుతూ వచ్చాయి. పైన చిన్నచిన్న బుడిపెలు, కొత్త రబ్బరు వాసన. అప్పటిదాకా మేం ఆడింది నున్నగా అరిగిపోయిన వాలీబాల్‌తో. ఈ బంతి చేతికి అంటుకున్నట్టు ఉంది. ఆ రాత్రి దాన్ని మంచం మీద పక్కనే పెట్టుకుని పడుకున్నాను.

బంతితోపాటు అన్న ఒక పేపర్ ముక్క కూడా తెచ్చాడు. బంగారు రంగు డ్రెస్‌లో ఒక ఆమె ఫోటో. పేరు లిజ్ ఎల్లిస్. ఆస్ట్రేలియా కెప్టెన్. ఆడేది ఏ స్థానంలో అని చూస్తే, గోల్ కీపర్. ఇంగ్లీషు పేపర్, నాకు సగం సగమే అర్థమైంది. మేడం దగ్గరికి తీసుకుపోతే వేపచెట్టు కింద కూర్చుని లైను లైను చదివి చెప్పారు. 2007 నవంబర్‌లో న్యూజిలాండ్‌లోని ఆక్లాండ్‌లో ప్రపంచ పోటీల ఫైనల్, ఆస్ట్రేలియా 42, న్యూజిలాండ్ 38. ఆమెకు అది మూడో ప్రపంచ టైటిల్. 1995లో ఒకటి, 1999లో ఒకటి. 1999లో అయితే గెలిచింది ఒక్క గోల్ తేడాతో, 42-41. కామన్వెల్త్ క్రీడల్లో నెట్‌బాల్ మొదటిసారి పెట్టిన 1998లోనూ, 2002లోనూ గోల్డ్. దేశం తరఫున 122 టెస్టు మ్యాచ్‌లు. చదివింది లా. ఆ ఫైనల్‌తో ఆట మానేసింది.

మేడం ఒకచోట ఆగి రెండుసార్లు చదివారు. 2005 అక్టోబర్‌లో న్యూజిలాండ్ మీద ఆడుతుంటే ఆమె మోకాలు పోయింది. 2006లో సొంత దేశంలో, మెల్‌బోర్న్‌లో జరిగిన కామన్వెల్త్ క్రీడలకు దూరమైంది. ఆ ఫైనల్లో ఆమె టీం న్యూజిలాండ్ చేతిలో ఓడిపోయింది కూడా. ఆ మోకాలిని బాగు చేసుకుని మళ్లీ వచ్చి, కెప్టెన్‌గా కప్పు ఎత్తింది. "ముప్పై దాటినంక జూడు" అన్నారు మేడం. ఆమె గొంతు కొంచెం మారింది. మేడం ఎంతవరకు ఆడారో, ఎందుకు ఆపారో మాకు ఎప్పుడూ చెప్పలేదు. అడిగే ధైర్యం మాకు లేదు.

ఆ పేపర్ ముక్క నా ఇంగ్లీషు నోటుబుక్కు అట్ట లోపల అతికించుకున్నాను. నా కంటే ముందు ప్రపంచంలో ఎక్కడో ఒక జీకే ఉందని తెలియడం ఆ వయసులో చాలా పెద్ద సంగతి.

2010 అక్టోబర్‌లో నేను నల్గొండలో ఇంటర్ రెండో సంవత్సరం. ఢిల్లీలో కామన్వెల్త్ క్రీడలు. మన దేశం టీం మొదటిసారి ఆ స్థాయిలో నెట్‌బాల్ ఆడింది, కెప్టెన్ ప్రాచీ తెహ్లాన్. ఆమె ఫోటో ఒక మ్యాగజైన్‌లో కనిపిస్తే కత్తిరించి మేడంకు పంపాను. ఫైనల్ మళ్లీ ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లదే. నేనుండే హాస్టల్‌లో టీవీ ఉంది గానీ దాని రిమోట్ మా చేతికి వచ్చేది కాదు. అన్న సిడ్నీలో చూస్తున్నాడు. నా ఫ్రెండ్ ఫోన్‌కు ఫోన్ చేశాడు. మేడ మీద నీళ్ల ట్యాంకు పక్కన ఐదుగురం ఫోన్ చుట్టూ మూగాం.

"సమానం... టైం అయిపోయింది... మళ్ల ఎక్స్‌ట్రా టైం అంటుండ్రు..." అన్న చెప్తున్నాడు. ఎక్స్‌ట్రా టైంలో కూడా తేలలేదు. ఇంకోసారి ఎక్స్‌ట్రా టైం. ఫోన్‌లో అన్న గొంతు వెనక టీవీలో కామెంటరీ వినిపిస్తోంది. మాటలు అర్థం కావడం లేదు గానీ, గొంతు ఎత్తు బట్టి బంతి ఎక్కడుందో తెలిసిపోతోంది. మెల్లగా ఉంటే సెంటర్‌లో ఉంది. పైకి లేస్తే అర్ధచంద్రంలోకి వచ్చింది. ఒక్క క్షణం ఆగిందంటే షాట్ గాల్లో ఉంది. చివరి గోల్ న్యూజిలాండ్ షూటర్ మరియా టుటాయా వేసింది. 66-64. అన్న "అయిపోయింది" అనడానికి ముందే ఆ గొంతుల్లో మాకు తెలిసిపోయింది. అప్పటిదాకా ఆట అంటే నాకు ఆడేది, లేకుంటే చూసేది. విని చూడొచ్చని ఆ ట్యాంకు పక్కనే తెలిసింది. మరునాడు పేపర్ నిండా సైనా గోల్డ్, జ్వాల, అశ్విని జోడీ గోల్డ్. సంతోషపడ్డాను, నెట్‌బాల్ గురించి ఒక్క లైను కూడా లేదని బాధా పడ్డాను.

మోకాలి సంగతి త్వరగా చెప్పేస్తాను. 2012, డిగ్రీ రెండో సంవత్సరం, యూనివర్సిటీ సెలక్షన్స్. రింగు తగిలి తిరిగొచ్చిన బంతి కోసం ఎగిరాను, అందింది. కుడికాలు మీద దిగాను. నెట్‌బాల్‌లో దిగిన కాడే ఆగాలి, ఇంకో రెండడుగులు ఉరికి వేగం తగ్గించుకునే వీలు లేదు. ఒంటి బరువంతా ఆ ఒక్క మోకాలే మోయాలి. ఎండుపుల్ల విరిగినట్టు చప్పుడొచ్చింది. మొదట చూపించిన చోట బెణుకు అన్నారు, కట్టు కట్టి పంపారు. రెండు నెలల తర్వాత హైదరాబాద్‌లో స్కాన్ తీస్తే ఏసీఎల్ లిగమెంట్ తెగిందని తేలింది. ఆ ఏటి బత్తాయి కాపు అమ్మిన పైసలు నాయిన నా మోకాలికే పెట్టాడు. తోట చూసినప్పుడల్లా ఇప్పటికీ ఆ లెక్క గుర్తొస్తుంది.

నోటుబుక్కు అట్టలో ఎల్లిస్ ఫోటో చూసుకుంటూ గోడ పట్టుకుని కాలు లేపుతూ దించుతూ ఉండేదాన్ని. ఆమె తిరిగి వచ్చింది, నేనూ వస్తాననుకున్నాను. నడక వచ్చింది, మెట్లెక్కడం వచ్చింది. దూకడం రాలేదు. దూకాలని అనుకున్న ప్రతిసారీ ఆ పుల్ల చప్పుడు ముందే వినిపించేది. ఆమె వెనక డాక్టర్లు, ఫిజియోలు, ఒక దేశమంతా ఉన్నారు, నిజమే. అయినా ఆమె పడ్డ కష్టాన్ని తక్కువ చేసి చూడలేదు నేను. బదులుగా నా మీద నాకు కోపం వచ్చేది, రెండు మూడేళ్లు. ఆ రెండు మూడేళ్లు మళ్లీ మాట తగ్గిపోయింది. తెలుగు పండిట్ ట్రైనింగ్‌లో చేరాను. మేడం అప్పటికే బదిలీ మీద పాలమూరు పోయారు.

మళ్లీ నోరు తెరిపించింది మా మేనమామ. ఆయనది సౌండ్ సర్వీస్. పెళ్లిళ్లకు, జాతరలకు మైక్ సెట్టు పెట్టేవాడు. సంక్రాంతి కబడ్డీ పోటీల్లో మైకులో చెప్పేది కూడా ఆయనే. "కూతకు పోయిండు... బోనస్ గీత ముట్టిండు... పట్టిండ్రు పట్టిండ్రు" అని ఆయన చెప్తుంటే గ్రౌండ్‌కు రానివాళ్లు కూడా ఇంటి అరుగు మీద కూర్చుని ఆట వినేవాళ్లు. 2015 సంక్రాంతి రెండో రోజు మామ గొంతు పూర్తిగా పోయింది. సెమీఫైనల్ మొదలవుతోంది. నేను స్కోరు రాస్తూ పక్కన కూర్చున్నాను. మైకు నా చేతిలో పెట్టి సైగ చేశాడు. ఆడపిల్ల మైకు పట్టుకుంటే జనం తిరిగి చూశారు. నాకు ధైర్యం వచ్చిన కారణం చెప్తే చిన్నగా ఉంటుంది గానీ నిజం: మైకు నోటికి అడ్డం ఉంటుంది, పళ్లు కనపడవు. మొదటి నిమిషం ఏం చెప్పానో గుర్తు లేదు. తర్వాత రైడర్ వెనక నుంచి కార్నర్ ఆటగాడు జరగడం కనిపించింది. "ఎనక సూస్కో, ఎనక సూస్కో" అని నోట్లోంచి వచ్చేసింది. ఆటగాళ్లకు చెప్పకూడదని మామ చెయ్యి ఊపాడు. జనానికి చెప్పాలి. కోర్టులో ఆరుగురికి చెప్పింది ఇప్పుడు ఆరువందల మందికి చెప్పాలి, అంతే తేడా.

2016 చివర్లో ఫోన్‌లో నెట్టు చవకైంది. 2017లో ఆస్ట్రేలియాలో సూపర్ నెట్‌బాల్ అని కొత్త లీగ్ మొదలైంది. అన్న ఒక వీడియో పంపి, "కామెంటరీ ఎవరో విను" అన్నాడు. లిజ్ ఎల్లిస్. పేపర్ ముక్కలో ఫోటోగా పదేళ్లు చూసిన మనిషి గొంతు అప్పుడు మొదటిసారి విన్నాను. ఆ వీడియో ఎన్నిసార్లు విన్నానో లెక్క లేదు.

ఆమె ముందూ ఆ దారిలో నడిచినవాళ్లు ఉన్నారు. 1983లో ఆస్ట్రేలియాకు ప్రపంచ టైటిల్ గెలిపించిన కెప్టెన్ ఆన్ సార్జెంట్ కూడా ఆట తర్వాత కామెంటరీకే వచ్చింది. కానీ ఎల్లిస్ కామెంటరీలో నాకు దొరికింది వేరు. మామూలుగా బంతి ఎటు పోతే కామెంటరీ అటే పోతుంది. ఈమె బంతి ఇంకా సెంటర్‌లో ఉండగానే కీపర్ కాలు ఎటు జరిగిందో చెప్తుంది. షూటర్‌కు చోటు ఎందుకు దొరకలేదో చెప్తుంది. గోల్ పడకపోవడం కూడా ఒకరు చేసిన పనే అని చెప్తుంది. ప్రపంచ పోటీల్లో ఐరీన్ వాన్ డైక్ లాంటి షూటర్ పక్కన నిలబడ్డ మనిషి కదా. వాన్ డైక్ ముందు సౌతాఫ్రికాకు, 2000 నుంచి న్యూజిలాండ్‌కు ఆడింది, ఎల్లిస్ కంటే పొడుగు. తన కంటే పొడుగున్న షూటర్‌ను ఆపాలంటే బంతి ఆమె చేతికొచ్చాక చేసేదేమీ ఉండదు, అంతకు ముందే చెయ్యాలి. అది చేసినవాళ్లకే కనిపిస్తుంది, కనిపించింది చెప్పడం వాళ్లకే వస్తుంది.

ఒక మాట పక్కకు పోయి చెప్తాను. 2020లో ఆ లీగ్‌లో సూపర్ షాట్ అని పెట్టారు. ప్రతి క్వార్టర్ చివరి ఐదు నిమిషాల్లో దూరం నుంచి వేస్తే రెండు గోల్స్ కింద లెక్క. చూడ్డానికి బాగుంటుందని చాలామంది అంటారు. నాకు నచ్చలేదు. పదిహేను నిమిషాల క్వార్టర్‌లో పది నిమిషాలు ప్రాణం పెట్టి ఆపిన కీపర్ కష్టం రెండు విసుర్లతో పోతే ఎట్లా?

సరే. నేను టీచరయ్యాక మా మండలం స్కూలు ఆటల్లో మైకు నాకే ఇవ్వడం మొదలైంది. కబడ్డీ, ఖోఖోలకు మాటలు కొత్తగా వెతికే పని లేదు, తరాలుగా ఉన్నాయి. నెట్‌బాల్‌కు ఒక్క మాట లేదు. తెలుగు టీచర్‌ని అయ్యుండి ఇంటర్‌సెప్షన్, అబ్‌స్ట్రక్షన్ అనుకుంటూ పోతే గట్టు మీద కూర్చున్న తల్లిదండ్రులకు ఏం తెలుస్తుంది? రాత్రిళ్లు నోటుబుక్కులో రాసుకునేదాన్ని. ఒకరు వేసిన బంతిని ఇంకొకరు దారిలో పట్టుకుంటే "నడుమనే అందుకుంది". మూడడుగుల దూరం తప్పితే "మీది మీదికొచ్చింది". కాలు తప్పితే "అడుగు తప్పింది". మూడు సెకన్లు దాటితే "లెక్క దాటింది". షూటర్, సెంటర్ అనే మాటలు అట్లాగే ఉంచాను, పిల్లలు వాటితోనే ఆడుతున్నారు కాబట్టి. ఒకసారి "అవరోధం" అని వాడి చూశాను. మైకులోనే నాకు అది బాగాలేదనిపించింది. ఆటలో మాట బంతి కంటే ముందు పోవాలి, వెనకబడితే పనికిరాదు.

రెండేళ్ల కింద చలికాలంలో మహబూబ్‌నగర్ స్టేడియం గ్రౌండ్‌లో స్కూలు ఆటలు. మా పిల్లలతోపాటు నేనూ పోయాను. నల్గొండ నుంచి దేవరకొండ, కల్వకుర్తి, జడ్చర్ల మీదుగా బస్సులో దాదాపు రోజంతా పట్టినట్టనిపించింది, పిల్లలు పాడిన పాట మళ్లీ పాడకుండా పాడారు. ఆడపిల్లల నెట్‌బాల్ ఫైనల్‌కు మైకు నాకిచ్చారు. గట్టు మీద వందల మంది. చాలామంది ఆ ఆట చూడటం అదే మొదటిసారి. పల్లికాయలు అమ్మే ఆమె గంప దించి, "గిది ఏం ఆట బిడ్డా?" అని నన్నే అడిగింది. మైకు ఆన్‌లో ఉంది. అందుకని ఆమెకు చెప్పినట్టే అందరికీ చెప్పాను. "బంతి చేతికొస్తే మూడు లెక్కపెట్టేలోపు ఇడిచిపెట్టాలె పెద్దమ్మా. నువ్వే లెక్కవెట్టు" అన్నాను. ఆమె మొహమాటపడుతూనే "ఒకటి... రెండు..." అంది. అది మైకులో పడింది. ఇంకోసారి బంతి అందగానే గట్టంతా లెక్కపెట్టింది. "ఒకటి! రెండు!" పిల్ల బంతి వదిలింది. జనం హోరు. ఆ తర్వాత నేను లెక్కపెట్టలేదు, ఆట అయిపోయేదాకా వాళ్లే లెక్కపెట్టారు.

మూడో క్వార్టర్‌లో ఒక చివర జీకే బిబ్బు వేసుకున్న పిల్ల మీద నా కన్ను పడింది. సన్నగా, పొడుగ్గా ఉంది. అవతలి గోల్ అటాక్ వెనక నుంచి వస్తోంది. ఈ పిల్ల చూసింది, పెదాలు బిగించుకుంది. నేను చెప్పడానికి లేదు. మైకును నోటికి దూరం జరిపి పట్టుకున్నాను. గోల్ పడింది. మళ్లీ అదే దారిలో వచ్చింది. ఈసారి ఆ పిల్ల గొంతు చీల్చుకుని "ఎనక!" అని అరిచింది. వాళ్ల గోల్ డిఫెన్స్ తిరిగి చెయ్యి పెట్టింది, బంతి బయటికి పోయింది. మైకులో "చెప్పింది! చెప్పింది!" అన్నాను. కామెంటరీ అంటే అదికాదని తెలుసు. ఇంకేం అనాలో తోచలేదు.

మ్యాచ్ అయిపోయాక మైకు వైరు చుడుతున్నాను. గట్టు మెట్ల మీద నుంచి ఒక పెద్దామె కర్ర ఆనించుకుంటూ మెల్లగా దిగి వస్తోంది. జుట్టు పూర్తిగా తెల్లబడింది, మెడలో విజిల్ లేదు. అయినా దూరం నుంచే నడక గుర్తుపట్టాను. రిటైరై కొడుకు దగ్గర పిల్లలమర్రి రోడ్డులో ఉంటున్నారట. మైకులో గొంతు విని ఇంట్లోంచి వచ్చారా అని అడిగితే, "లేదు, ఆట ఉందని తెల్సి వచ్చిన. గొంతు ఈడికొచ్చినంక గుర్తువట్టిన" అన్నారు.

కాళ్లకు మొక్కబోతే భుజం పట్టి లేపారు. నేను నవ్వుతున్నాను, ఏడుస్తున్నాను, నోటికి చెయ్యి అడ్డం పోలేదు. ఆమె నా మొహం వైపు కాసేపు చూసి, సంచిలోంచి నీళ్ల సీసా తీసి నా చేతికిచ్చారు.

"మూడో క్వార్టర్ల ఒకతాన సెంటర్ పాస్ అవుతలోళ్లది. నువ్వు ఈళ్లదని చెప్పినవ్" అన్నారు. "గొంతు తడుపుకో. మొగపోరగాళ్ల ఫైనల్ ఇంక ఉంది."